మంగళవారం సెలవు

పోయిన నెల మా వీధికి కొత్త ఆకుకూరల మనిషి వచ్చింది. తోటకూర కట్టకు రబ్బరు బ్యాండు వేసి ఉంది. మేం ఎరిగిన కట్టకు అరటినార ఉండేది. దాని ముడి విప్పడానికి నా గోళ్ళు చాలక కత్తిపీట తీయవలసి వచ్చేది.

"పాతామె ఏదమ్మా?" అన్నాను.

"ఆయమ్మ సచ్చిపోయి పదైదు దినాలాయ గదమ్మా. మీకు తెలీదా?"

"అయ్యో. ఏ రోజు?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు. మనిషి పోయిందంటే ఎలా పోయిందని అడుగుతారు గానీ, ఏ వారమని అడుగుతారా ఎవరైనా?

"మంగళారం" అందామె.

నాకు మొదట ఏడుపు రాలేదు. మంగళవారం ఆ మనిషి ఎవరికీ దొరకదే, యముడికెట్లా దొరికింది, అనుకున్నాను. యముడున్నాడంటే ఒప్పుకోని నేను ఇలా అనుకున్నానని తెలిస్తే ఆమె బుట్ట దించుకుని మరీ నవ్వేది.

ఆమె పేరు నాకు తెలియదు. పన్నెండేళ్ళు మా గుమ్మంలో బుట్ట దించిన మనిషి పేరు తెలియదని రాయడానికి సిగ్గుగానే ఉంది. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెబుతాను. ఎప్పుడో మట్టిలో కలిసిన రాజుల తాతల పేర్లు వరసగా అప్పజెప్పగలను. ఆమెను మాత్రం వీధంతా ఆకులామె అనేది, నేనూ అలాగే అన్నాను. ఆమె నన్ను 'టీచరమ్మా' అనేది. టీచర్ని కాను, లెక్చరర్నని మొదట్లో నాలుగైదుసార్లు సరిదిద్దాను. "రెండిటికీ తేడా ఏంది?" అనడిగింది. విడమరచి చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "సరే టీచరమ్మా" అంది.

వడమాలపేట దాటినాక ఉన్న ఒక పల్లె నుంచి పొద్దున రైలుబండికి వచ్చేది. వీధిలో అరిచి అమ్మడం ఎరగదు. గేటు దగ్గర నిలబడి గొళ్ళెం రెండుసార్లు ఆడించేది. ఆమె దగ్గర మనం అడిగిన కూర దొరకడం కష్టం. "పాలకూర ఉందా?" అంటే బుట్టలో కళ్ళముందు కనపడుతున్నా, "మీకు ఈపొద్దు పాలకూర లేదు. సారు నిన్న మెట్లెక్కతా మోకాలు పట్టుకున్నాడు. మునగాకు తీసుకోండి" అనేది. పక్కింటావిడకు పొన్నగంటి, ఎదురింటి బాలింతకు ఇంకేదో. వీధిలో ఎవరికి ఏ నొప్పో, ఎవరింట్లో ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదో ఆమె బుట్ట చూస్తే తెలిసిపోయేది. వాదించేవాళ్ళతో వాదించేది. వాదనలో ఎదుటివాళ్ళు ఓడిపోతే చివర ఒక కట్ట కొసరు వేసేది. నేను చాలా కొత్తిమీర సంపాదించాను.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. కాలేజీలో చదివే రోజుల్లో 'సమాజానికి మతం అవసరమా?' అనే విషయం మీద వక్తృత్వపు పోటీలో అవసరమే అని మాట్లాడి కప్పు గెలిచాను. మరుసటేడు అదే విషయం మళ్ళీ పెడితే అనవసరం అని మాట్లాడి ఇంకో కప్పు గెలిచాను. రెండుసార్లూ గుండెల మీద చెయ్యి వేసుకుని నమ్మే మాట్లాడాను, అదీ విచిత్రం. రెండోసారి చప్పట్లు ఎక్కువ పడ్డాయి కాబట్టి ఆ పక్షానే ఉండిపోయాను. దేవుడు లేడని చెప్పడానికి తిరుపతికి మించిన ఊరు లేదు, ఎవరితోనైనా పేచీ పెట్టుకోవచ్చు. అయితే చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్ళను కొండకు తీసుకుపోక తప్పేది కాదు. నాలాగా అన్నిసార్లు దర్శనం చేసుకున్న నాస్తికురాలు ఊళ్ళో ఇంకొకరు ఉండరు.

అలాంటి నేను ఆమెను ఒకరోజు అడిగాను. "మంగళవారం ఎందుకు రావు నువ్వు?"

"పనుంటాది."

"ఏం పని?"

"అమ్మ వస్తాది."

"మీ అమ్మగారా? ఏ ఊరి నుంచి?"

బుట్ట సర్దుతున్నదల్లా ఆగి నన్ను తేరిపార చూసింది. "మాతమ్మ తల్లి. నా మీదికొస్తాది."

ఇంక నన్ను ఆపడం ఎవరి తరం? "నిజంగా వస్తుందా, నువ్వే రప్పించుకుంటావా?" అన్నాను, కోర్టులో సాక్షిని పట్టుకున్న వకీలులాగా.

"మీరు కాలేజీలో నిలబడి సెప్తారే, రాజులూ యుద్ధాలూ. అవన్నీ సూసినారా?"

"చూడలేదు. పుస్తకాల్లో ఉన్నాయి."

"గంట కొడితే మొదలుబెడతారు. మల్లా గంట కొడితే ఆపేస్తారు."

"అవును."

"నాదీ అంతే టీచరమ్మా. పలకలు మోగితే వస్తాది. పలకలాపితే పోతాది. మజ్జలో ఏం సెప్పినానో నాకు గుర్తుండదు. మీకన్నా ఉంటాదా?"

లోపల మా ఆయన దగ్గాడు. ఆయన పోస్టాఫీసులో గుమాస్తా. నవ్వును దగ్గుగా మార్చుకోవడం పెళ్ళైన కొత్తలోనే నేర్చుకున్నాడు. ఆ రోజు కొసరు పుదీనా.

ఓడి ఊరుకునే రకం కాదు గనక ఒక మంగళవారం సెలవు పెట్టి, నోటుపుస్తకం తీసుకుని వాళ్ళ పల్లెకు పోయాను. పరిశీలన అని పేరు. పేట చివర మోకాలెత్తు రాతిగుడి, ముందు తాటాకు పందిరి. ఇద్దరు పలకలు, అంటే డప్పులు, వాయిస్తున్నారు. ఆమె ముఖానికి పసుపు రాసుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుంది. నేను గర్జనలు ఆశించాను. గొంతు అదే గొంతు, గేటు దగ్గర మునగాకు తీసుకోమని చెప్పే గొంతు. మారింది ముందున్నవాళ్ళు. పొద్దున రైల్లో ఆమె బుట్టను కాలితో పక్కకు నెట్టే రకం మగవాళ్ళు భుజం మీది తువ్వాలు నడుముకు చుట్టుకుని నిలబడ్డారు.

"రేయ్, ఇట్రా. ఏ సేత్తో కొడితివి పెండ్లాన్ని?"

"ఈ సేత్తో తల్లీ."

"తాగి కొడితివా, తాగకుండానా?"

"తాగే తల్లీ."

"అయితే ఆ సేత్తోనే నలబై దినాలు నా గుడి ముందర కసువు దోసి నీళ్ళు సల్లు. అది ఆ రాయి మీద కూసోని సూస్తాది. ఒగ దినం తప్పితివా, మల్లా మొదట్నించీ."

ఆ పెళ్ళాం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేను గబగబా రాసుకుంటున్నాను. తల ఎత్తేసరికి ఆమె చూపు నా మీద ఉంది.

"ఆ పుస్తకం ముయ్యి. ఈ బిడ్డకు నోరెక్కువ, సెవులు తక్కువ. మూడు మంగళారాలు మాట్లాడకుండా కూసోమని సెప్పండి."

ఊరంతా నా వైపు తిరిగి ఘొల్లున నవ్వింది.

మరునాడు గేటు గొళ్ళెం ఎప్పటిలాగే ఆడింది. "నిన్న మా పల్లెకి వచ్చినారంటనే టీచరమ్మా? మజ్జిగన్నా ఇచ్చినారా మావోళ్ళు?"

"నువ్వే కదా అందరిముందూ నాకు చెవులు తక్కువన్నావు!"

"నేనా? మిమ్మల్ని నేనంటానా? అమ్మ అనిందా?" అంటూ నిజంగానే నొచ్చుకుని ఒకటి కాదు, రెండు కట్టలు కొసరు వేసింది.

నేను ఆ అవమానాన్ని వ్యాసంగా మార్చి కాలేజీ పత్రికలో వేయించాను. పూనకం వచ్చేవాళ్ళు మోసగత్తెలో, రోగులో అయి ఉంటారని తేల్చాను. రెండింట్లో ఏది అన్నది తేల్చలేదు. పేజీ అయిపోయింది.

తరువాతి ఏడు మా కాలేజీలో వరండాలు ఊడ్చే చెంగమ్మ పని మధ్యలో కూలబడి ఏడవడం చూశాను. ఆమెదీ ఆకులామె పల్లే. మొగుడు లేడు, అత్త, ఇద్దరు పిల్లలు. పెద్దది సుగుణ, ఏడో తరగతి. సెలవురోజుల్లో తల్లితోపాటు వచ్చి, మేం పారేసిన ప్రశ్నపత్రాలు ఏరి, వరండాలో కూర్చుని చదివేది. పిల్ల తెలివి చూసి, నేను పెంచుతున్న మొక్క అన్నట్టు స్టాఫ్‌రూములో చెప్పుకునేదాన్ని. నిజానికి నేనిచ్చింది రెండు పెన్సిళ్ళు.

"సుగుణను అమ్మకు మొక్కినారు మేడం" అంది చెంగమ్మ. "తిరనాళ్ళకు బొట్టు గట్టేస్తారంట."

అదేమిటో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డకు జబ్బు చేసి దక్కదనుకున్నప్పుడు, బతికితే నీకే వదిలేస్తామని మాతమ్మకు మొక్కుకుంటారు. సుగుణకు రెండేళ్ళప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. అవ్వ మొక్కుకుంది, పిల్ల బతికింది. ఇక ఈడు వచ్చాక అమ్మ పేరుతో మెడలో తాళిబొట్టు కడతారు. పెళ్ళి ఉండదు. జాతరల్లో అమ్మ ముందు ఆడాలి. మిగతా రోజుల్లో ఊళ్ళో ఏ మగవాడు వచ్చి తలుపు తట్టినా కాదనడానికి ఆ పిల్ల వైపు నిలబడే మనిషి ఉండడు. దేవతకు ఇచ్చిన పిల్ల కాబట్టి ఊరందరిదీ అంటారు.

నేను మండిపడ్డాను. మండిపడటం నాకు బాగా వచ్చు. ఆదివారం వాళ్ళ పేటకు పోయి, బడి అరుగు మీద నిలబడి ముప్పావుగంట మాట్లాడాను. చట్టం అన్నాను, నేరం అన్నాను, రాజ్యాంగం అన్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి సుగుణ అవ్వ లేచింది.

"మీరు సెప్పింది శానా బాగుండాది మేడం. ఒగ మాట అడగతా, కోపం జేసుకోవద్దండి. బిడ్డ సావబోతా ఉంటే బతికిచ్చింది మీ సట్టమా?"

"డాక్టర్లు..."

"ఆ పొద్దు మా పేటకు ఏ డాక్టరొచ్చినాడు? అమ్మకు ఇస్తామంటిమి, అమ్మ బతికిచ్చె. ఇప్పుడు ఇయ్యం అంటే ఊరుకుంటాదా? ఇంట్లో ఇంగొగ మొగబిడ్డ ఉండాడు. వానికేమన్నా అయితే మీ సట్టమొచ్చి మంచం కాడ కూసుంటాదా?"

చెంగమ్మ వైపు చూశాను. ఆమె కొడుకును ఒడిలోకి లాక్కుని తల వంచుకుంది. కూతురి కోసం కాలేజీలో ఏడ్చిన తల్లి, కొడుకు కోసం అక్కడ నోరు మెదపలేదు. అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళకు నా వాదన అక్కరలేదు. ఇచ్చిన మాట నుంచి విడుదల కావాలి. ఆ విడుదల ఇవ్వగలిగింది ఎవరికి మాట ఇచ్చారో వాళ్ళు మాత్రమే. ఆవిడ మంగళవారం తప్ప దొరకదు.

రెండు రోజులు నాలో నేనే గింజుకున్నాను. మూడో రోజు రెండు ఠావుల కాగితాల నిండా రాసుకుని గేటు దగ్గర కాచుకున్నాను.

"ఏంది టీచరమ్మా అది?"

"వచ్చే మంగళవారం అమ్మ చెప్పవలసిన మాటలు."

ఆమె బుట్ట దించి మెట్టు మీద కూర్చుంది. "సదవండి."

చదివాను. 'గ్రామ ప్రజలారా! బాలికలు జాతి సంపద...' అని మొదలుపెట్టాను. రెండో వాక్యానికి ఆమె భుజాలు ఊగుతున్నాయి. నాలుగో వాక్యానికి కళ్ళు తుడుచుకుంది.

"అమ్మ మా పల్లెలో పుట్టింది టీచరమ్మా. ఇంత పెద్ద మాటలు సెప్పల్లంటే మల్లా టూషను పెట్టిచ్చుకోవల్ల." తరువాత నవ్వడం మానేసింది. "అమ్మ ఉండాదని మీకు నమ్మకమా?"

"లేదు."

"లేని అమ్మకు కాయితాలెందుకు రాసినారు?"

"నీకే రాశాను."

"అట్ల సెప్పండి. నన్నడగతాండారు."

"అవును, నిన్నే అడుగుతున్నాను. పన్నెండేళ్ళ పిల్ల. నీకూ ఒక ఆడపిల్ల ఉంటే తెలిసేది." ఈ చివరి మాట అనకుండా ఉండవలసింది. ఇలాంటి మాటలే నాకు ముందు వస్తాయి.

ఆమె రవిక లోపలి నుంచి పసుపుతాడు బయటికి తీసింది. దానికి చిన్న బొట్టు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే.

"ఇది ఎవురు గట్టినారనుకున్నారు?"

"మీ ఆయన."

"యాయన?" అంది.

వంగి ఆ బొట్టును మళ్ళీ చూశాను.

"నాకు పదేండ్లు. మా అవ్వ మొక్కుకునింది. నన్నెవురూ అడగలా." తాడు మళ్ళీ లోపల వేసుకుంది. "ఇనండి. ఆరు దినాలు నేను ఆకులమ్ముకునేదాన్ని. నా కొడుకు గూడా నా మాట ఇనడు. మంగళారం మజ్జానం మాత్రం ఊరు ఊరంతా సేతులు గట్టుకోని నా ముందర నిలబడతాది. నాకుండేది అదొగటే. అమ్మ మొక్కును అమ్మే వద్దనిందంటే, ఈమె మీదికొచ్చేది అమ్మ కాదు, ఇంగేదో గాలి అంటారు. ఆ మాట ఒగడంటే సాలు, రేపట్నించి నా ముందర ఎవురూ నిలబడరు. దాన్ని పోగొట్టుకోమంటారా?"

పోగొట్టుకో అనడానికి నేనెవరు? నాకు వారంలో ఆరు రోజులూ వినడానికి అరవైమంది పిల్లలున్నారు. వినకపోతే హాజరు వేయను.

ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. ఆ రోజు ఎవరు ఓడారో తేలలేదు. కొసరు వేయకుండానే పోయింది.

మంగళవారం పోయాను. నోటుపుస్తకం తీసుకుపోలేదు. అవ్వ సుగుణకు తలంటి, పసుపుచీర చుట్టి తెచ్చింది. పిల్ల ఎవరివైపూ చూడటం లేదు. పలకలు మొదలయ్యాయి. అమ్మ రాలేదు. వాయించేవాళ్ళు చేతులు మార్చుకున్నారు, పలకలు మంటకు కాచుకుని మళ్ళీ వాయించారు. ఆకులామె కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది, నుదుటి మీద పసుపు చెమటకు కారుతోంది. భయపడిందనుకున్నాను. అనుకున్నానే గానీ, నేను ఆ పందిరి కింద కూర్చుని 'రా తల్లీ, రా' అని లోలోపల గొణుక్కుంటున్నానని కాసేపటికి గానీ గమనించలేదు.

ఒక్కసారిగా ఆమె తల పైకెత్తింది.

"బిడ్డను దెచ్చినారా?"

"తెచ్చినాం తల్లీ" అంది అవ్వ.

"ఎవురి బిడ్డ?"

"నా కొడుకు బిడ్డ తల్లీ."

"ఎవురి బిడ్డ?"

అవ్వ తడబడింది. "నీకు మొక్కిన బిడ్డ తల్లీ. నీ బిడ్డే."

"నా బిడ్డే గదా? అందురూ ఇన్నారా? నా బిడ్డే గదా?"

"నీ బిడ్డే తల్లీ" అన్నారందరూ.

"మల్ల నా బిడ్డ యాడుండాల్నో సెప్పేదానికి మీరెవుర్రా? నాకిచ్చినాక మీదేముండాది? నా బిడ్డ మీద సెయ్యేసినోడు నా మీద ఏసినట్టే. నా బిడ్డకు బొట్టు నేను గట్టేటప్పుడు గడతా, మీరు గట్టొద్దు." ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపింది, నేరుగా నా వైపు. "తీసకపోయి ఆ నోరుగలదాని ఇంట్లో ఇడ్సండి. నా బిడ్డకు సదువు సెప్పమను. ఎంతదాకా సెప్పల్నో అడిగితే, నేను సాలనేదాకా అని సెప్పండి."

నేను రాసిన రెండు ఠావుల్లో మా ఇంటి ఊసే లేదు.

నేను మొక్కును రద్దు చేయించాలనుకున్నాను. ఆమె రద్దు చేయలేదు. అక్షరం పొల్లుపోకుండా చెల్లించుకుంది. దేవతకు ఇచ్చిన పిల్ల ఊరందరిదీ అనేవాళ్ళను, ఇచ్చింది నాకు కదా అని అడిగింది. చరిత్రలో ఎం.ఏ. చదివిన నాకు తట్టని తర్కం అది.

అవ్వ మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. "ఈయమ్మ సాకుతాదని ఏం నమ్మకం తల్లీ? నాలుగు దినాలు బెట్టుకోని తరిమేస్తే?"

"కావాలంటే రాసిస్తాను. సంతకం పెడతాను" అన్నాను.

"నాకు సదువు రాదు" అంది అమ్మ. "కర్పూరం ఆర్పు."

తమలపాకు మీద కర్పూరం బిళ్ళ వెలిగించి నా ముందు పెట్టారు. దాన్ని అరచేత్తో కొట్టి ఆర్పితే మాట ఇచ్చినట్టు. తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. నేను గెలిచిన కప్పులూ, వేసిన వ్యాసమూ అన్నీ కళ్ళముందు కదిలాయి. సుగుణ అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. ఆర్పాను. పెద్దగా కాలలేదు. నేను అరిచింది మాత్రం గట్టిగానే.

రేకుపెట్టెతో పిల్లను వెంటబెట్టుకుని సాయంత్రం ఇంటికి వస్తే మా ఆయన గేటు తీశాడు. "ఎవరు పంపారు?"

"మాతమ్మ."

"ఆవిడ మాటంటే నీకు ఎప్పటినుంచి గురి?" అన్నాడు గానీ, అప్పటికే పెట్టె అందుకున్నాడు. మాకు పిల్లలు లేరు. ఆయన ఆ రాత్రి అన్నంలోకి మూడు కూరలు చేశాడు. పిల్ల ఒక్క ముద్ద ముట్టలేదు.

పొద్దున గొళ్ళెం ఆడింది. నేను గేటు దగ్గరికి పోయేలోగానే, "బిడ్డ రాత్రి అన్నం తినిందా?" అంది, బొంగురుపోయిన గొంతుతో.

నీకు మంగళవారం సంగతులు గుర్తుండవు కదా, అని అడగవలసిన మాట నా నాలుక చివర ఉంది. నా అంతట నేను మింగిన మొదటి మాట బహుశా అదే. "తినలేదు" అన్నాను. ఆమె బుట్ట అడుగు నుంచి చింతచిగురు పొట్లం తీసింది. "దీంతో పప్పు జేసి పెట్టండి. తింటాది."

ఆమె భయపడినంత జరగలేదు, అసలు జరగకుండానూ పోలేదు. పెద్దమనుషులు నలుగురైదుగురు మంగళవారం పందిరికి రావడం మానుకున్నారు. ఆమె మీదికి వచ్చేది అమ్మ కాదు, టౌన్లో మేడం అన్నాడట ఒకడు. నన్ను అంత గొప్పగా ఎవరూ మెచ్చుకోలేదు. ఆడవాళ్ళు మాత్రం ఇంకా ఎక్కువయ్యారట.

సుగుణను పెంచడం నేను వ్యాసాల్లో రాసే స్త్రీ అభ్యున్నతిలాగా సాగలేదు. లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక ఇంకా కష్టమైంది, ప్రతిదానికీ వాదన. ఎవర్ని చూసి నేర్చుకుందోనని నేనంటే మా ఆయన దగ్గేవాడు. పంపించేద్దామని కనీసం నాలుగుసార్లు అనుకున్నాను. ఒకసారి, అప్పటికి కాలేజీ పని మానుకుని పల్లెలోనే ఉంటున్న చెంగమ్మకు ఉత్తరం కూడా రాశాను. పోస్టులో వేయలేదు. ఎందుకు వేయలేదని నన్ను నేను నిజాయితీగా అడిగితే, రాజ్యాంగం గుర్తొచ్చి కాదు. మానవత్వం గుర్తొచ్చీ కాదు. అరచెయ్యి చూసుకునేదాన్ని. మచ్చ కూడా మిగల్లేదు. అయినా చూసుకునేదాన్ని.

సమాజానికి మతం ఇంకా కావాలా అని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర ఉపన్యాసం లేదు. మూడు రూపాయల బాండు పేపరు మీద సంతకం పెట్టి ఉంటే ఆ పిల్లను రెండో ఏడే పంపించేసి ఉండేదాన్నని మాత్రం తెలుసు.

సుగుణ ఇప్పుడు చిత్తూరులో నర్సు ట్రైనింగులో ఉంది. మొన్న ఆదివారం వచ్చినప్పుడు ఆకులామె పోయిందని చెప్పాను.

"తెలుసు మేడం. మా అమ్మ జాబు రాసింది."

"ఆ మనిషి లేకపోతే నువ్వు ఏమయ్యేదానివో" అన్నాను. గొంతు కాస్త బరువు చేసుకున్నాను. ఆ మనిషితో పాటు నన్ను కూడా లెక్కలో వేసుకుంటుందని ఆశ.

సుగుణ తన సంచి దగ్గరికి లాక్కుంది. "కుప్పు గురించి మీకెప్పుడూ సెప్పలేదు గదా" అంది.

"కుప్పు ఎవరు?"

"మా ఎదురింటి పిల్ల. నాకంటే నాలుగు నెల్లు పెద్ద. దాన్ని గూడా మొక్కినారు. నేను మీ ఇంటికొచ్చిన నెలకు తిరనాళ్ళల్లో దానికి బొట్టు గట్టేసినారు."

నా నోటికి మాట వెంటనే దొరికింది. ఎప్పుడూ దొరుకుతుంది. "మరి ఆమె దానికెందుకు చెప్పలేదు? నీకు చెప్పిన మాటే ఇంకోసారి చెబితే ఏం పోయింది? అందుకే నేననేది, ఈ అమ్మలనూ పూనకాలనూ నమ్ముకుంటే..."

"నేనూ అట్లే అడిగినా మేడం. పోయినేడు సెలవుల్లో పోయినప్పుడు. కోపంగానే అడిగినా."

"ఏమంది?"

"'సెప్పేదానికి అమ్మకేం మే? యాడ ఇడ్సమని సెప్పల్ల? ఇంగో ఇల్లు యాడుండాది?' అనింది."

వంటింట్లో మా ఆయన కాఫీ తిరగబోస్తున్న చప్పుడు ఆగిపోయింది. సుగుణ నావైపు చూడకుండా సంచి సర్దుకుంటోంది.

అప్పట్లో మాది నాలుగు గదుల ఇల్లు. ఉండేది ముగ్గురం.